మేయర్ పీఠం నుంచి మహేశ్వరం దాకా

2020 డిసెంబరు 4న జీహెచ్ఎంసీ ఓట్ల లెక్కింపు ముగిసేసరికి ఎల్బీ నగర్ నియోజకవర్గంలో 11 డివిజన్లకు 11 డివిజన్లూ బీజేపీ ఖాతాలో పడ్డాయి. నాగోల్, మన్సూరాబాద్, హయత్‌నగర్, బీఎన్ రెడ్డి నగర్, వనస్థలిపురం, హస్తినాపురం, చంపాపేట, లింగోజిగూడ, కొత్తపేట, చైతన్యపురి, గడ్డిఅన్నారం... ఒక్కటీ మిగల్లేదు. పక్కనే మహేశ్వరం నియోజకవర్గం కిందికొచ్చే సరూర్‌నగర్, ఆర్కే పురం కూడా అదే దారి పట్టాయి. అక్టోబరు 13 రాత్రి కురిసిన వాన ఇంకా ఎవరూ మరిచిపోలేదప్పటికి. హయత్‌నగర్‌లో ఒక్క రోజులో దాదాపు 30 సెంటీమీటర్లు. సరూర్‌నగర్ చెరువు కింద కోదండరామ్ నగర్‌లో, హస్తినాపురం, బీఎన్ రెడ్డి నగర్ వైపు కాలనీల్లో జనం మేడ మీదికెక్కి కూర్చున్నారు. ఇంటికి 10,000 రూపాయల వరద సాయం అందినవాళ్లు కొందరు, అందనివాళ్లు కొందరు. డిసెంబరు 1న ఆ కోపమంతా ఓటుగా మారింది.

మారి ఏమైంది? 2021 ఫిబ్రవరి 11న కొత్త పాలకమండలి కొలువుదీరింది. 150 డివిజన్లలో టీఆర్ఎస్‌కు 56, బీజేపీకి 48, మజ్లిస్‌కు 44. మజ్లిస్ మద్దతుతో టీఆర్ఎస్ అభ్యర్థి గద్వాల విజయలక్ష్మి మేయర్ అయ్యారు. ఎల్బీ నగర్ ఎమ్మెల్యే దేవిరెడ్డి సుధీర్ రెడ్డి 2018లో కాంగ్రెస్ టికెట్‌పై గెలిచి, మరుసటి ఏడాదే టీఆర్ఎస్‌లో చేరారు. అంటే హస్తినాపురంలో ఉండే మనిషికి కార్పొరేటర్ ఒక పార్టీ, మేయర్, ఎమ్మెల్యే ఇంకో పార్టీ. నాలా పొంగితే ఎవరి గడప తొక్కాలి? కార్పొరేటర్ దగ్గరికి వెళ్తే నిధులు లేవంటారు, ఎమ్మెల్యే దగ్గరికి వెళ్తే అది బల్దియా (జీహెచ్ఎంసీ) పనంటారు, బల్దియాకి వెళ్తే అక్కడ మాట చెల్లేది కమిషనర్‌ది.

నగరపాలనలో ఎవరి మాట ఎక్కడిదాకా చెల్లుతుందో తెలియాలంటే చట్టాలు చదవడం కంటే ఒక మనిషి నడిచిన దారి చూడటం మేలు. మన తూర్పు హైదరాబాద్‌కి అలాంటి మనిషి ఉన్నారు. మీర్‌పేటలో ఆయన పేరు మీద ఇంజినీరింగ్ కాలేజీ ఉంది. దిల్‌సుఖ్‌నగర్ బస్సుల్లో తిరిగే విద్యార్థులంతా దాన్ని టీకేఆర్ అంటారు. ఆ పేరు వెనక ఉన్న తీగల కృష్ణారెడ్డి, ఈ నగరం తన ఓటుతో నేరుగా ఎన్నుకున్న మేయర్.

నేరుగా గెలిచిన మేయర్

చాలా ఏళ్లు ప్రత్యేకాధికారుల పాలనలో మగ్గిన హైదరాబాద్ మున్సిపల్ కార్పొరేషన్‌కు 2002లో ఎన్నికలు జరిగాయి. డివిజన్లు అప్పుడు 100. కార్పొరేటర్‌కొక ఓటు, మేయర్‌కొక ఓటు. తెలుగుదేశం అభ్యర్థిగా నిలబడ్డ తీగల, పాతబస్తీ నుంచి సికింద్రాబాద్ దాకా ఒకే బ్యాలెట్‌పై గెలిచారు. ఎమ్మెల్యేకి ఒక నియోజకవర్గం, ఎంపీకి ఏడు నియోజకవర్గాలు. ఆయనకి ఓటేసింది మొత్తం నగరం. అప్పటి రాష్ట్రంలో ఇంతమంది పట్టణ ఓటర్లు ఒకే మనిషికి ఒకేసారి ఇచ్చిన తీర్పు మరొకటి లేదంటే తప్పు కాదు.

అయితే ఆ తీర్పులో ఎల్బీ నగర్ లేదు. ఈ తరం వాళ్లకి వింతగా ఉంటుంది గానీ అప్పట్లో దిల్‌సుఖ్‌నగర్ దారిలో నడుస్తుంటే మూడు పాలనలు దాటాల్సి వచ్చేది. మలక్‌పేట, మూసారాంబాగ్ దాకా సిటీ కార్పొరేషన్. ఆ తర్వాత గడ్డిఅన్నారం మున్సిపాలిటీ. కొత్తపేట దాటితే లాల్ బహదూర్ నగర్ మున్సిపాలిటీ. 2001 జనగణన నాటికి ఎల్బీ నగర్ మున్సిపాలిటీ జనాభా రెండు లక్షల అరవై వేల పైమాటే, ఎన్నో జిల్లా కేంద్రాల కంటే పెద్దది. అయినా దాన్ని శివారు అనే పిలిచారు. నల్గొండ నుంచి, ఖమ్మం నుంచి, విజయవాడ రోడ్డెక్కి వచ్చినవాళ్లు ఎక్కడ బస్సు దిగారో అక్కడే స్థలం కొనుక్కున్నారు. ముందు ఇల్లు లేచింది, తర్వాత రోడ్డు, డ్రైనేజీ అన్నిటికంటే చివర.

మేయర్‌గా తీగల కష్టం 2004తో రెట్టింపైంది. రాష్ట్రంలో వై.ఎస్. రాజశేఖరరెడ్డి నాయకత్వంలో కాంగ్రెస్ ప్రభుత్వం వచ్చింది. మేయర్ తెలుగుదేశం, సర్కారు కాంగ్రెస్. మన మున్సిపల్ చట్టం ఎలాంటిదంటే మేయర్‌కి పీఠం ఇచ్చి, పెత్తనం కమిషనర్ చేతిలో పెట్టింది. 1955 నాటి హైదరాబాద్ మున్సిపల్ కార్పొరేషన్ల చట్టం ప్రకారం కార్యనిర్వాహక అధికారం కమిషనర్‌ది. ఆ కమిషనర్‌ని నియమించేది, బదిలీ చేసేది రాష్ట్ర ప్రభుత్వం. మేయర్ జనరల్ బాడీ సమావేశాన్ని నడుపుతారు, స్టాండింగ్ కమిటీకి అధ్యక్షత వహిస్తారు. ఫైలు మాత్రం కమిషనర్ సంతకంతో కదులుతుంది. మంచినీళ్లూ మురుగూ 1989లో పుట్టిన జలమండలివి. లేఅవుట్లు, మాస్టర్ ప్లాన్ అప్పట్లో నగరాభివృద్ధి సంస్థ హుడావి, 2008 నుంచి హెచ్ఎండీఏవి. ఇన్ని లక్షలమంది నేరుగా ఓటేసి గెలిపించిన మనిషి చేతిలో మిగిలింది వీధి దీపం, చెత్త బండి, ఆస్తిపన్ను, అది కూడా కమిషనర్ సరేనంటేనే. దీన్ని తీగల ఒక్కరి దురదృష్టంగా చూడకూడదు. ఆ పీఠం మీద ఎవరు కూర్చున్నా ఇదే కొలత.

ఆయన పదవీకాలం 2007లో ముగిసింది. ఆ ఏడాది ఏప్రిల్ 16న ఎల్బీ నగర్, గడ్డిఅన్నారం సహా 12 మున్సిపాలిటీలను పాత కార్పొరేషన్‌లో కలిపి జీహెచ్ఎంసీ చేశారు. ఎల్బీ నగర్ మున్సిపాలిటీ చరిత్రలో కలిసిపోయింది. ఆ వెంటనే ఎన్నికలు పెట్టలేదు. రెండున్నరేళ్లకు పైగా గడిచాక 2009 నవంబరులో పెట్టారు. అప్పటికి మేయర్‌ని నేరుగా ఎన్నుకునే పద్ధతి పోయింది. కార్పొరేటర్లు, వాళ్లతో పాటు ఎక్స్-అఫీషియో ఓటున్న ఎమ్మెల్యేలు, ఎమ్మెల్సీలు, ఎంపీలు కలిసి మేయర్‌ని ఎన్నుకోవడం మొదలైంది. బండ కార్తీకరెడ్డి, మాజిద్ హుస్సేన్, బొంతు రామ్మోహన్, గద్వాల విజయలక్ష్మి... ఎవరి పేరూ బ్యాలెట్ పత్రంలో మేయర్ అభ్యర్థిగా కనిపించలేదు. అందుకే తీగల కథ మనకి ముఖ్యం. ఆయన తర్వాత హైదరాబాదీ మళ్లీ తన మేయర్‌ని తాను ఎన్నుకోలేదు.

అందరి చూపూ అసెంబ్లీ మీదే

మేయర్ పదవి దిగిన మనిషి ఎక్కడికి వెళ్లాలి? అసెంబ్లీకి. ఈ బాట పాతదే. 1962లో మేయర్ అయిన రాణీ కుముదినీదేవి వనపర్తి ఎమ్మెల్యేగానూ పనిచేశారు. 1965లో మేయర్ అయిన సరోజినీ పుల్లారెడ్డి మన మలక్‌పేట నుంచే అసెంబ్లీకి వెళ్లి మంత్రి పదవి కూడా చేశారు. 2012లో మేయర్ అయిన మాజిద్ హుస్సేన్ 2023లో నాంపల్లి ఎమ్మెల్యేగా గెలిచారు. నగరాన్ని నడిపిన అనుభవం శాసనసభకి చేరడం మంచిదే, కాదనలేం. కానీ ఎవరూ ఆ అనుభవంతో నగరపాలనలోనే ఉండిపోవాలని ఎందుకు కోరుకోరు అన్నది అడగాల్సిన ప్రశ్న.

తీగల 2009లో మహేశ్వరం నుంచి తెలుగుదేశం తరఫున పోటీ చేసి సబితా ఇంద్రారెడ్డి చేతిలో ఓడిపోయారు. 2014లో అక్కడే గెలిచారు. తెలంగాణ వచ్చిన ఆ ఏడాదే, అక్టోబరులో టీఆర్ఎస్‌లో చేరారు. 2018లో టీఆర్ఎస్ అభ్యర్థిగా మళ్లీ సబిత చేతిలోనే ఓడారు. తేడా పదివేల ఓట్ల లోపే. కాంగ్రెస్ టికెట్‌పై గెలిచిన సబిత 2019లో టీఆర్ఎస్‌లో చేరి విద్యాశాఖ మంత్రి అయ్యారు. ఓడించినవారూ ఓడినవారూ ఒకే గొడుగు కిందికొచ్చారు. ఒక నియోజకవర్గంలో ఇద్దరు పెద్ద నాయకులు ఒకే పార్టీలో ఇమడటం ఎంత కష్టమో మీర్‌పేట, బడంగ్‌పేట కార్యకర్తల్ని అడిగితే చెబుతారు.

2019లోనే తీగల కుటుంబం మరో మెట్టు ఎక్కింది. తీగల కోడలు అనితారెడ్డి మహేశ్వరం జెడ్పీటీసీగా గెలిచి రంగారెడ్డి జిల్లా పరిషత్ చైర్‌పర్సన్ అయ్యారు. మామ నగర మేయర్, ఎమ్మెల్యే. కోడలు జిల్లా పరిషత్ అధ్యక్షురాలు. నగరం, రాష్ట్రం, జిల్లా, మూడు అంచెల పాలనా ఒకే ఇంట్లో చూసినవాళ్లు తెలంగాణలో తక్కువ. జిల్లా పరిషత్ పదవీకాలం 2024 జూలైలో ముగిసింది. ఆ ఏడాది తొలి నెలల్లో మామా కోడలూ బీఆర్ఎస్‌గా పేరు మారిన టీఆర్ఎస్‌ను వదిలి కాంగ్రెస్‌లో చేరారు. అక్టోబరులో తీగల చంద్రబాబు నాయుడిని కలిసి తిరిగి తెలుగుదేశంలోకి వస్తానని ప్రకటించారు. మొదలుపెట్టిన చోటికే మాట చేరింది.

కండువాలు మార్చడాన్ని తేలిగ్గా తిట్టేయొచ్చు. నాకైతే అందులో నాయకుడి స్వభావం కంటే వ్యవస్థ ఒత్తిడే ఎక్కువ కనిపిస్తుంది. స్థానిక సంస్థకి సొంత నిధీ సొంత అధికారమూ ఉంటే, అధికార పక్షంలో లేకపోయినా పని జరుగుతుంది. పైసా కోసం, ఫైలు కోసం సచివాలయం వైపే చూడాల్సి వచ్చినప్పుడు, అధికార పక్షంలో లేని నాయకుడు తన కాలనీవాళ్ల ముందు చేతులు కట్టుకుని నిలబడాల్సిందే. ఆ ఒత్తిడికి పార్టీలన్నీ లొంగాయి. అయినా ఓటరు వేసిన ఓటుకు గౌరవం లేకుండా పోవడం నిజం, అది బాధాకరం.

ఎల్బీ నగర్ ఎమ్మెల్యే సుధీర్ రెడ్డిది ఇంకో తోవ. ఆయన మేయర్ పీఠం ఎక్కలేదు, నియమించిన పదవులు చేశారు. వై.ఎస్. హయాంలో హుడా చైర్మన్. 2009లో కొత్తగా ఏర్పడిన ఎల్బీ నగర్ నియోజకవర్గానికి తొలి ఎమ్మెల్యే. 2014లో ఆ సీటు తెలుగుదేశం టికెట్‌పై నిలబడ్డ బీసీ నేత ఆర్. కృష్ణయ్యకి వెళ్లింది. 2018లో తిరిగి గెలిచి, టీఆర్ఎస్‌లో చేరాక మూసీ రివర్‌ఫ్రంట్ డెవలప్‌మెంట్ కార్పొరేషన్ చైర్మన్. 2023లో బీఆర్ఎస్ అభ్యర్థిగా మళ్లీ ఎమ్మెల్యే. లేఅవుట్లు చూసే సంస్థ, నది చూసే సంస్థ, రెండిటికీ అధ్యక్షత వహించిన మనిషిని ఎల్బీ నగర్ ఎన్నుకుంటూ వచ్చిందంటే యాదృచ్ఛికం కాదు. ఇక్కడి జనం బాధలు రెండే: స్థలం, నీళ్లు. ఏళ్ల తరబడి రిజిస్ట్రేషన్లు ఆగిపోయిన బీఎన్ రెడ్డి నగర్, హస్తినాపురం వైపు కాలనీలకు 2022లో వచ్చిన జీవో 118 గజానికి 250 రూపాయలతో క్రమబద్ధీకరణ దారి చూపింది. కూతురి పెళ్లికి ఇల్లు తాకట్టు పెడదామన్నా కాగితం లేక ఇబ్బంది పడ్డ కుటుంబాలకి ఆ జీవో ఎంత పెద్ద విషయమో బయటివాళ్లకి అర్థం కాదు. కానీ గుర్తుంచుకోండి, ఆ పరిష్కారం కూడా బల్దియా నుంచి రాలేదు. సచివాలయం నుంచి వచ్చింది.

ఏథెన్స్‌లో ఒక కుటుంబం

తీగల హైదరాబాద్ మేయర్ అయిన 2002లోనే ఏథెన్స్ నగరం కూడా ఓటేసింది. ఆ ఎన్నికలో డోరా బకోయానిస్ గెలిచి ఆ నగరానికి తొలి మహిళా మేయర్ అయ్యారు. ఆవిడ తండ్రి కాన్‌స్టాంటినోస్ మిత్సోటాకిస్ గ్రీసు మాజీ ప్రధాని. తమ్ముడు కిరియాకోస్ 2019లో ప్రధాని అయ్యారు. కొడుకు కోస్టాస్ బకోయానిస్ దారి మన చర్చకి పనికొస్తుంది. ఆయన పార్లమెంటు వైపు పోకుండా ముందు కార్పెనీసి అనే కొండ ఊరికి మేయర్ అయ్యారు. తర్వాత 2014లో మధ్య గ్రీసు ప్రాంతానికి గవర్నర్‌గా ఎన్నికయ్యారు. 2019లో అమ్మ కూర్చున్న ఏథెన్స్ మేయర్ కుర్చీలోకి వచ్చారు. 2023లో మేనమామ ప్రధానిగా ఉండగానే హారిస్ దూకాస్ చేతిలో ఓడిపోయారు.

కుటుంబ వారసత్వం అక్కడా ఉంది, ఇక్కడా ఉంది. తేడా మెట్లలో ఉంది. గ్రీసు 2011 నుంచి అమలు చేసిన కాలిక్రాటిస్ సంస్కరణతో వెయ్యికి పైగా ఉన్న మున్సిపాలిటీలను 325కి కుదించి, వాటి పైన 13 ప్రాంతాలను పెట్టింది. మేయర్‌నీ ప్రాంత గవర్నర్‌నీ ప్రజలే నేరుగా ఎన్నుకుంటారు. అక్కడి గవర్నర్ మన రాజ్‌భవన్ గవర్నర్ లాంటివారు కాదు, ఓట్లడిగి గెలిచినవారు. ఊరు, ప్రాంతం, రాజధాని అంటూ ఒక మనిషి పదేళ్లకు పైగా స్థానిక పాలనలోనే జీవితం నిర్మించుకోగలిగారంటే, ఆ పదవుల్లో చేయడానికి పని ఉంది కాబట్టే.

జవాబుదారీతనం కూడా అలాగే ఉంది. 2017 నవంబరులో ఏథెన్స్‌కి పడమట మాండ్రా పట్టణాన్ని వరద ముంచి ఇరవై మందికి పైగా చనిపోయారు. అప్పటి అట్టికా ప్రాంత గవర్నర్ రెనా దూరూ కూడా ఆ కేసులో విచారణ ఎదుర్కొన్నారు. కోర్టు ఆమెను నిర్దోషిగా తేల్చింది. తీర్పు అటుంచండి, వరద పనుల బాధ్యత ఎవరిదని అడిగితే చూపించడానికి ఎన్నికైన ఒక మనిషి అక్కడ ఉన్నారు. 2020 అక్టోబరు వానకి మన దగ్గర అలా ఎవరిని చూపించాలి?

నీళ్ల దారి

ఈ ప్రశ్నకి జవాబు సరూర్‌నగర్ చెరువు కట్ట మీద నిలబడితే దొరుకుతుంది. ఎగువన మీర్‌పేట వైపు చెరువులున్నాయి, జిల్లెలగూడ సందచెరువు ఉంది. పెద్ద వాన పడితే ఆ నీళ్లు కాలనీల మధ్య నుంచి దిగి సరూర్‌నగర్ చెరువులోకి వస్తాయి. చెరువు నిండితే నాలా గుండా కోదండరామ్ నగర్ మీదుగా చైతన్యపురి వైపు, అక్కడి నుంచి మూసీలోకి. కుతుబ్‌షాహీల కాలంలో తవ్విన ఈ చెరువుకి ఆ దారి నాలుగు వందల ఏళ్లుగా తెలుసు. మధ్యలో ఇళ్లు కట్టుకున్నది మనం. కోదండరామ్ నగర్‌లో పాత ఇళ్ల గోడల్ని చూస్తే సున్నం వేసిన ప్రతిసారీ కింది అడుగున్నర భాగంలో మళ్లీ ఉబ్బిన చెమ్మ మరక కనిపిస్తుంది. ఎత్తు పెంచిన గుమ్మాలు, మెట్ల పైకి మార్చిన మోటారు స్విచ్చులు, మొదటి అంతస్తులోకి చేరిన ఫ్రిజ్‌లు. ముంపు ఈ ఇళ్ల నిర్మాణాన్నే మార్చేసింది.

2020 వరద రోజున ఎగువన ఉన్న మీర్‌పేట వేరే మున్సిపల్ కార్పొరేషన్. దిగువన ఉన్న సరూర్‌నగర్ జీహెచ్ఎంసీ. చెరువు అభివృద్ధి హెచ్ఎండీఏ, నాలా బల్దియా, మురుగు జలమండలి, మూసీ ఇంకో కార్పొరేషన్. పైనుంచి నీళ్లు వదిలితే కింద ఎవరికి ఫోన్ చేయాలో రాత్రి పదకొండు గంటలకు ఎవరికి తెలుస్తుంది? 2021లో నాలాల కోసం ఎస్ఎన్‌డీపీ అనే ప్రత్యేక కార్యక్రమం పెట్టి కొన్ని పనులు చేపట్టారు. ఎల్బీ నగర్ చౌరస్తాలో ఫ్లైఓవర్లు, అండర్‌పాస్‌లు వచ్చాయి. 2018 సెప్టెంబరులో మెట్రో వచ్చింది. కొత్తపేట పండ్ల మార్కెట్ స్థలంలో 2022లో పెద్దాసుపత్రికి శంకుస్థాపన చేశారు. ఇవన్నీ కళ్ల ముందున్న పనులే, కాదనను. కానీ వీటిలో ఏదీ బల్దియా పాలకమండలి సొంతంగా తలపెట్టింది కాదు.

74వ రాజ్యాంగ సవరణ 1993 జూన్‌లో అమల్లోకి వచ్చింది. పన్నెండో షెడ్యూలులో పట్టణ సంస్థలకు అప్పగించదగ్గ 18 పనులు రాశారు. పట్టణ ప్రణాళిక, నీటి సరఫరా, రోడ్లు అందులోనే ఉన్నాయి. మహానగరానికి ఒక ప్రణాళికా సంఘం ఉండాలని, అందులో కనీసం మూడింట రెండు వంతులమంది ఎన్నికైన మున్సిపల్ సభ్యుల నుంచి, పంచాయతీల అధ్యక్షుల నుంచి రావాలని కూడా రాజ్యాంగం చెప్పింది. మీర్‌పేట నీళ్లు, సరూర్‌నగర్ నీళ్లు ఒకే టేబుల్ ముందు కూర్చుని మాట్లాడుకునే చోటు అదే. ఒక మాజీ మేయరూ ఒక జిల్లా పరిషత్ అధ్యక్షురాలూ ఒకే ఇంట్లో ఉన్నా, వాళ్ల పదవుల మధ్య ఆ మాట జరిగే వేదికని చట్టం బలంగా నిలబెట్టలేదు.

2025 చివర్లో ఔటర్ రింగ్‌రోడ్డు వరకూ ఉన్న 27 మున్సిపాలిటీలు, కార్పొరేషన్లను జీహెచ్ఎంసీలో కలిపారు. మీర్‌పేట, బడంగ్‌పేట, తుర్కయంజాల్, పెద్దఅంబర్‌పేట అందులో ఉన్నాయి. వార్డులు 150 నుంచి 300కి పెరిగాయి. 2021లో కొలువుదీరిన పాలకమండలి ఐదేళ్ల గడువు 2026 ఫిబ్రవరితో తీరింది. హద్దులు ఎన్నిసార్లు మార్చినా, కలిపినా విడదీసినా, ఎన్నికైన మనిషికి అధికారం ఇవ్వకపోతే సందచెరువు అలుగు పారిన రాత్రి కోదండరామ్ నగర్‌లో ఫోన్ ఎత్తేవాళ్లుండరు.

రేపు ఎన్నికల నోటిఫికేషన్ వచ్చాక మీ గుమ్మంలోకి వచ్చే అభ్యర్థి రోడ్డు వేయిస్తాను, లైటు పెట్టిస్తాను అంటారు. ఆ మాట విన్నాక మూడు విషయాలు అడగండి. మేయర్‌ని మళ్లీ మేమే ఎన్నుకునేలా చట్టం మార్చమని మీ పార్టీని అడుగుతారా? జలమండలి, హెచ్ఎండీఏ పనుల మీద పాలకమండలికి అజమాయిషీ కావాలని జనరల్ బాడీలో తీర్మానం పెడతారా? గెలిచిన ఐదేళ్లూ ఈ వార్డులోనే, ఈ పార్టీలోనే ఉంటారా? జవాబు మీకు నచ్చకపోతే ఆ సంగతి వాళ్ల ముఖం మీదే చెప్పండి.